మగవాడిగా మారితే గౌరవం పెరుగుతుందా? అందరికీ కాదు

అడిగిన ప్రశ్న ఇది: "ఆడపిల్లగా పుట్టి మగవాడిగా మారినవాళ్ళకి సమాజంలో గౌరవం పెరుగుతుందంటారు. అమెరికాలో నల్లజాతి ట్రాన్స్ పురుషులకి కూడా అంతేనా?"

కాదు. పెరగకపోగా ఉన్నది కూడా పోతుంది. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నేనూ ట్రాన్స్ పురుషుణ్ణే. మాది ఏలూరు, ఇప్పుడు ఉండేది అట్లాంటా పక్కన డికేటర్‌లో. నాతో ఇంటి అద్దె పంచుకునేవాడు ఇదే జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊళ్ళో పుట్టి పెరిగిన నల్లజాతి ట్రాన్స్ పురుషుడు. పేరు రాయను, మావాడు అంటాను. పైన కొందరు రాసిన జవాబులు చూశాను. అందరూ "పురుషాధిక్యత వల్ల లాభం" అని ఒకే పాట. వాళ్ళలో ఒక్కరైనా ఒక నల్లజాతి మనిషితో కలిసి అన్నం తిన్నారా అని నా అనుమానం.

మేమిద్దరం వారానికోసారి పొడుచుకునేది ఒకే మందు, టెస్టోస్టిరాన్ సిపియోనేట్, అంటే మగ హార్మోను. రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుని ఒకడి తర్వాత ఒకడు తొడలో సూది వేసుకుంటాం. ఇద్దరికీ గొంతు దిగింది, గడ్డం వచ్చింది. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే కథ.

ఆ తర్వాత నా ఆఫీసులో ఏమైందంటే, మీటింగులో నేను మాట్లాడుతుంటే మధ్యలో అందుకోవడం మానేశారు. అంతకుముందు నేను చెప్పిన సలహానే పక్క సీటు కుర్రాడు మళ్ళీ చెబితే "గుడ్ పాయింట్" అనేవారు. ఇప్పుడు నేను తప్పు చెప్పినా తలలూపుతున్నారు. కాబట్టి ఆ పైవాళ్ళు చెప్పింది నా వరకూ నిజమే.

మావాడు వృద్ధాశ్రమంలో నర్సింగ్ అసిస్టెంట్. గడ్డం వచ్చాక కొత్త చోట చేరితే, ఆడవాళ్ళ గదుల్లోకి ఒంటరిగా పంపడం మానేశారు. షాపుకి వెళ్తే సెక్యూరిటీవాడు వెనకాలే నడుస్తాడు. లిఫ్టులో ఆడవాళ్ళు హ్యాండ్‌బ్యాగు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటారు. రాత్రి పార్కింగ్‌లో ముందు నడిచే అమ్మాయి అడుగుల వేగం పెంచిందంటే, మావాడు ఆగిపోయి ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడతాడు, ఆమె కారెక్కేదాకా. ఒకప్పుడు తనూ అలా గబగబా నడిచిన మనిషే కాబట్టి ఆమె మీద కోపం రాదంటాడు. నాకైతే వచ్చేది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఒక శనివారం సంగతి. నా కారు మెకానిక్ దగ్గర ఉంది. రివర్‌డేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళమంటే మావాడు తన కారు తీశాడు. వాడికి దేవుడి మీద కంటే అక్కడి క్యాంటీన్ పులిహోర మీద భక్తి ఎక్కువ. దర్శనం చేసుకుని, రెండు డబ్బాలు కట్టించుకుని, చీకటి పడ్డాక బయల్దేరాం. 285 హైవే మీదికి ఎక్కిన కాసేపటికి వెనకాల నీలం లైట్లు.

నేను కంగారుగా డ్యాష్‌బోర్డు అర తెరవబోయాను, ఇన్సూరెన్స్ కాగితం అందులోనే ఉంటుంది కదా అని. మావాడు "తెరవకు" అన్నాడు. గొంతు పెంచలేదు. మెల్లగా పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, లోపలి లైటు వేసి, నాలుగు అద్దాలూ దించి, రెండు చేతులూ స్టీరింగ్ పైభాగంలో వేళ్ళు విప్పి పెట్టాడు. "నీ చేతులు మోకాళ్ళ మీద. నిన్ను అడిగితే తప్ప మాట్లాడకు" అన్నాడు. లైసెన్సు ముందే సన్‌వైజర్‌కి క్లిప్పు పెట్టి ఉంది. అది అక్కడ ఎందుకుంటుందో నాకు ఆ రోజుదాకా తెలియదు.

ఆఫీసర్ వచ్చాడు. ఒక చెయ్యి టార్చి మీద, రెండో చెయ్యి నడుము దగ్గర. వెనక లైటు ఒకటి వెలగట్లేదన్నాడు. మావాడు ప్రతి పనీ ముందు చెప్పి చేశాడు: "సర్, లైసెన్సు పైన ఉంది, కుడి చేత్తో తీస్తున్నాను." తీసిచ్చాడు. ఆ లైసెన్సులో ఫోటో గడ్డం లేనప్పటిది. లింగం దగ్గర ఎఫ్, అంటే ఫిమేల్. పేరు కోర్టులో మారింది గానీ, జార్జియాలో లింగం మార్చాలంటే సర్జరీ అయిందని డాక్టర్ ఉత్తరమో కోర్టు ఆర్డరో కావాలి. మావాడు అప్పటికి సర్జరీ డబ్బులు కూడబెడుతున్నాడు.

"ఇది ఎవరిది?" అన్నాడు ఆఫీసర్. "నాదే సర్" అన్నాడు మావాడు. "దిగు" అన్నాడు.

రెండో పోలీసు కారు వచ్చింది. మావాణ్ణి వెనక్కి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఒళ్ళు తడిమి చూడాలంటే ఆడ ఆఫీసర్ని పిలవాలా అని వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నాకు వినిపించింది. ఒకడు నవ్వాడు. ఈలోగా మొదటివాడు నా కిటికీ దగ్గరికొచ్చి, నుదుటిమీద కుంకుమ, ఒళ్ళో కవరు చూసి "మీరు బాగానే ఉన్నారా సర్? ఇది టాక్సీనా?" అని అడిగాడు. నాకు సర్! నా గడ్డం మావాడి గడ్డంలో సగం ఉండదు. కవర్లో ఏముందన్నాడు. అన్నం అన్నాను. పులిహోర గురించి వివరించే ఓపిక లేదు.

వెనకనుంచి మావాడి గొంతు వినిపించింది. అది నాకు తెలిసిన గొంతు కాదు. సన్నగా, పైకి ఎత్తి, పాత గొంతు ఎలా ఉండేదో అలా మాట్లాడుతున్నాడు. తను ట్రాన్స్ అని, మందు వాడుతున్నానని, ఫోటో అందుకే అలా ఉందని చెబుతున్నాడు. అది విన్నాక మొదటివాడి చెయ్యి నడుము మీంచి కిందికి వచ్చింది. భయపడాల్సిన మనిషి కాదని లెక్క తేలిందన్నమాట. వార్నింగ్ కాగితం ఇచ్చి "జాగ్రత్తగా వెళ్ళండి మేడమ్" అన్నాడు. మేడమ్ అన్న మాటని కావాలనే సాగదీశాడు.

తర్వాత ఎగ్జిట్‌లో పెట్రోల్ బంకు దగ్గర ఆపాడు. నా చేతులు వణుకుతున్నాయి, వాడు డబ్బా తెరిచి పులిహోర తింటున్నాడు. నేను ఊరుకోలేక "లైసెన్సులో ఎఫ్ ఉండటమే మంచిదైందేమో, లేకపోతే ఏం చేసేవాళ్ళో" అన్నాను. మావాడు తినడం ఆపకుండానే, "లైసెన్సు అడగకముందే కాల్చేవాడు తగిలితే ఎఫ్ ఏం చేస్తుంది?" అన్నాడు. మర్నాడే సోమవారం అన్నంత ఆత్రంగా డాక్టర్ ఆఫీసు నంబరు వెతికాడు, ఆ ఉత్తరానికి ఇంకా ఏమేం కావాలో కనుక్కోవడానికి.

ఆ స్టీరింగ్ మీద చేతులూ, లోపలి లైటూ ఎవరు నేర్పారో ఆ రాత్రే చెప్పాడు. అక్కడి నల్లజాతి కుటుంబాల్లో మగపిల్లాడికి మీసం మొలవకముందే ఈ పాఠం చెబుతారు. మావాడు కూతురిగా పెరిగాడు కాబట్టి వాడికి వేరే జాగ్రత్తలు చెప్పారు, ఆడపిల్లకి చెప్పేవి. వాడి మేనమామ బాప్టిస్ట్ చర్చిలో పెద్దమనిషి. గొంతు మారిందని తెలిశాక చాలాకాలం మాట్లాడలేదు. ఒకరోజు ఆయనే ఫోన్ చేసి "శనివారం రా" అన్నాడట. వెళ్తే ఇంట్లోకి కూడా రానివ్వకుండా తన పాత కారులో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తను బయట నిలబడి పోలీసులా అద్దం తట్టి, మధ్యాహ్నం దాకా అదే ప్రాక్టీసు చేయించాడు. చెయ్యి కిందికి పోతే తిట్టాడు. ముప్పై దాటిన మనిషికి! క్షమాపణ, కౌగిలింత ఏమీ లేవు. వెళ్ళేటప్పుడు మాత్రం "అల్లుడూ, ఇల్లు చేరాక ఫోన్ చెయ్యి" అన్నాడట. మా ఇళ్ళల్లో నన్ను "అర్థం చేసుకున్నాం" అని చెప్పి ఇప్పటికీ పాత పేరుతోనే పిలిచే బంధువులందరి కంటే ఆ మేనమామ మెరుగు అని నా అభిప్రాయం.

ఇదేదో ఒక్క మనిషి దురదృష్టం అనుకోకండి. 1954లో మిసిసిపీలోని కోసియస్కో అనే ఊళ్ళో జిమ్ మెక్‌హారిస్ అనే నల్లజాతి మనిషిని ట్రాఫిక్ విషయంలోనే పోలీసులు పట్టుకున్నారు. ఆడపిల్లగా పుట్టి ఏళ్ళ తరబడి మగవాడిగా బతికిన అతని సంగతి అలాగే బయటపడింది. నల్లజాతివాళ్ళ పత్రిక ఎబొనీ ఫోటోలతో సహా వేసింది. 2020 మే 25న పోలీసులు జార్జ్ ఫ్లాయిడ్‌ని చంపిన సంగతి ప్రపంచమంతా తెలుసు. రెండు రోజుల తర్వాత, మే 27న, ఫ్లోరిడాలోని టల్లహాసీలో టోనీ మెక్‌డేడ్ అనే నల్లజాతి ట్రాన్స్ పురుషుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మొదట్లో పోలీసులూ, కొన్ని వార్తలూ అతన్ని స్త్రీ అనే చెప్పాయి. మన తెలుగు చానళ్ళు ఫ్లాయిడ్ మీద గంటలకొద్దీ చర్చలు పెట్టాయి, మెక్‌డేడ్ పేరు ఒక్కదాంట్లో కూడా నేను వినలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2015లో అమెరికాలో ట్రాన్స్ వ్యక్తుల మీద చేసిన పెద్ద సర్వేలో 27,715 మంది పాల్గొన్నారు. అందులో నల్లజాతివాళ్ళలో 38 శాతం మంది పేదరికంలో ఉన్నారు. అప్పుడు దేశం మొత్తం మీద అది 12 శాతం. ట్రాన్స్ అని ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం అడ్డు లేని రాష్ట్రాలు అప్పట్లో చాలా ఉండేవి. డల్లాస్‌లో నల్లజాతి ట్రాన్స్ పురుషుల కోసం సంస్థ పెట్టిన కార్టర్ బ్రౌన్‌ని కూడా సంగతి బయటపడ్డాక రియల్ ఎస్టేట్ ఉద్యోగంలోంచి తీసేశారు. లాయరు కైలర్ బ్రాడస్ 2012లో సెనేట్ కమిటీ ముందు కూర్చుని ఇదే మాట్లాడాడు. ట్రాన్స్ అని బాహాటంగా చెప్పుకున్న మనిషి సెనేట్‌లో సాక్ష్యమివ్వడం అదే మొదలు, ఆ మనిషి నల్లజాతి ట్రాన్స్ పురుషుడు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2020 జూన్ 15న, సుప్రీంకోర్టు అలా తీసేయడం చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ కేసు పేరు బోస్టాక్ వర్సెస్ క్లేటన్ కౌంటీ. క్లేటన్ కౌంటీ ఎక్కడో కాదు, మన వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న కౌంటీయే. గుడికొచ్చే తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసో!

తెలుగువాళ్ళంటే గుర్తొచ్చింది. ఇక్కడ మనవాళ్ళకి ఊరి మ్యాపు అంతా "నల్లోళ్ళ ఏరియా", "మంచి ఏరియా" అని రెండే ముక్కలు. ఒక అన్నయ్య మా ఇంటికి భోజనానికొచ్చి, మావాడు తలుపు తీయగానే కారు తాళం వేశానా లేదా అని వెనక్కి తిరిగి చూశాడు. అదే మనిషి అరగంట తర్వాత ఇండియాలో తన కులంవాళ్ళకి జరిగే అన్యాయం గురించి లెక్చరిచ్చాడు. నేను ట్రాన్స్ అని ఆయనకి తెలియదు. తెలిస్తే ఇంకో లెక్చర్.

ఇంకా చిన్న చిన్న గొడవలు బోలెడు. టెస్టోస్టిరాన్ 1990 చట్టంతో నియంత్రిత మందుల జాబితాలోకి వెళ్ళింది. అందుకని ఫార్మసీ కౌంటర్లో నన్ను ఒక ప్రశ్న అడిగితే మావాణ్ణి నాలుగు అడుగుతారు. జార్జియాలో పేరు మార్చుకోవాలంటే నాలుగు వారాల పాటు కౌంటీ పత్రికలో ప్రకటన వేయాలి, దాచుకుందామన్న సంగతిని డబ్బిచ్చి మరీ అచ్చు వేయించుకోవడం. ఛాతీ సర్జరీ మచ్చలు నల్లని చర్మం మీద కీలాయిడ్‌గా ఉబ్బే అవకాశం ఎక్కువ. ఇంటర్నెట్‌లో సర్జరీ ఫోటోలన్నీ తెల్లవాళ్ళవే, మావాడు తనలాంటి చర్మం మీద మచ్చ ఎలా మానుతుందో చూడటానికి రాత్రుళ్ళు వెతికేవాడు.

ఇంత చదివి, వాడి బతుకంతా ఏడుపే అనుకుంటే మావాడు నన్ను తంతాడు. శనివారం పొద్దున బార్బర్ షాపుకి వెళ్ళడం వాడికి పండగ. క్షవరం అరగంట, కబుర్లు రెండు గంటలు. ఫుట్‌బాల్, రాజకీయాలు, ఎవరి కారు గొప్ప. బార్బరుకి వాడి సంగతి తెలుసు. వాడి నుదుటి గీత గీయడంలో చూపించే శ్రద్ధ మా ఆఫీసులో కోడ్ రివ్యూలో కూడా చూపించరు. 2017లో మినియాపోలిస్ సిటీ కౌన్సిల్‌కి ఫిలిప్ కనింగ్‌హమ్ గెలిచినప్పుడు, ట్రాన్స్ అని బాహాటంగా చెప్పుకుని అమెరికాలో ఎన్నికైన మొదటి నల్లజాతి ట్రాన్స్ పురుషుడని, ఆ షాపులోనే అందరికీ చూపించాడట. ఎవరో ముసలాయన "మినియాపోలిస్‌లో పన్నులు ఎక్కువ" అని కొట్టిపారేశాడట. దానికి వాడు ఇప్పటికీ నవ్వుతాడు.

ప్రస్తుతం ఇబ్బంది వేరే వచ్చింది. సర్జరీ అయింది, లైసెన్సులో ఎం వచ్చింది. ఈలోగా 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు తర్వాత పాస్‌పోర్టులో పుట్టినప్పటి లింగమే వేస్తున్నారు. మావాడు మా చెల్లి పెళ్ళికి ఏలూరు వద్దామనుకుంటున్నాడు, అట్నుంచి తిరుపతి కూడా. పాస్‌పోర్టులో ఎఫ్, లైసెన్సులో ఎం, మొహాన గుప్పెడు గడ్డం. ఇండియా వీసా ఫారంలో లింగం దగ్గర ఏది నింపాలి, శంషాబాద్ ఇమిగ్రేషన్‌లో ఏమైనా అంటారా అన్నది మాకు తేలట్లేదు. ఇలా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. పెళ్ళి మాఘంలో.