కె23 తిరిగొచ్చాక మళ్లీ వేసేముందు
మీ కె23 గ్రాంట్ అప్లికేషన్ తిరిగొచ్చిందని, రివ్యూయర్లు ట్రైనింగ్ ప్లాన్ బలహీనమన్నారని, అయినా మీరు రీసెర్చ్ భాగమే పెంచి రాస్తున్నానని అన్నారు కదండీ, దయచేసి అది ఆపండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ల కె23 ఒక్క ప్రాజెక్టు కోసం కాదు, మిమ్మల్ని స్వతంత్ర పరిశోధకులుగా తయారు చేయడానికి ఇచ్చేది. రీసెర్చ్ ప్లాన్‌తో పాటు మిమ్మల్నీ, కెరీర్ ప్లాన్‌నీ, మెంటర్లనీ, సంస్థ మద్దతునీ చూస్తారు. మీకు ఏది రాదో సూటిగా రాయండి. క్లినికల్ ట్రయల్ ఎలా రూపొందించాలో రాదనుకోండి, అది ఎవరి దగ్గర, ఏ సంవత్సరంలో నేర్చుకుంటారో, మీ ప్రాజెక్టులోని ఏ లక్ష్యానికి (ఎయిమ్) పనికొస్తుందో కనిపించాలి. ప్రధాన మెంటర్ ఎంత పేరున్నవారైనా మీకు టైమ్ ఇవ్వకపోతే ఏం లాభం? స్టాటిస్టిక్స్‌కి ఇంకొకరిని కలుపుకోండి.

ఆసుపత్రి డ్యూటీలు తగ్గించనంటున్న మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌తో ముందే తేల్చుకోవాలి. సాధారణంగా 75 శాతం సమయం పరిశోధనకీ శిక్షణకీ ఉండాలి, కొన్ని సర్జరీ విభాగాలకైతే 50. నోటిమాట చాలదు, సంస్థ లేఖలో స్పష్టంగా ఉండాలి, గ్రాంట్ వచ్చినా రాకపోయినా మీ ఉద్యోగం ఉంటుందని కూడా.

మళ్లీ వేసే అప్లికేషన్‌కి (రీసబ్మిషన్) ఒక పేజీ ఇంట్రడక్షన్ ఉంటుంది. అందులో రివ్యూయర్లతో వాదించకండి, ఏం మార్చారో చెప్పండి. రాసేముందే రివ్యూయర్ల వ్యాఖ్యలున్న సమ్మరీ స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుని ఎన్ఐహెచ్‌లోని ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడండి, మొహమాటపడకండి, అది వాళ్ల పనే.