టీకా వేశారు, సీరం లేదన్నారు... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది గుత్తి. మా బాబుకి నాలుగేళ్లు, 14 కిలోలు ఉంటాడు. మొన్న సాయంత్రం పక్కింటోళ్ల కుక్క అన్నం తింటావుంటే వీడు పోయి తోక పట్టుకున్నాడంట, చెంప మీద చెవి దగ్గర కరిచింది, కొంచెం చీలింది, చేతికీ పండ్లు దిగినాయి. మా జేజి కారంపొడి, సున్నం పెట్టేసింది. దగ్గరున్న ఆస్పత్రిలో రెండు జబ్బలకీ చిన్న సూదులు వేసి మూడో రోజుకి మళ్లీ రమ్మన్నారు, సీరం లేదు, అనంతపురం పోండి అన్నారు. పక్కింటోళ్లేమో మా కుక్కకి అన్నీ వేయించినాం, పది రోజులు చూద్దాం, దానికేం కాకపోతే వీడికీ ఏం కాదు అంటాండారు. మా అత్త పసరు తాపిద్దామంటాంది, గుడ్డు, మాంసం పెట్టొద్దంటాంది. ఏం చేయాలో తెలీక రాస్తాండా.

జవాబు: అమ్మా, మీ మెసేజ్ చూసిన రోజే ఫోన్ చేసి అనంతపురం పెద్దాస్పత్రికి పొమ్మని చెప్పాం, మీరు పోయి సీరం వేయించుకొచ్చారు కూడా, కాబట్టి ఇదంతా ఇట్లాంటి గడబిడలో ఉన్న మిగతావాళ్ల కోసం.

టీకా వేశారు కదా అని ఆగిపోవద్దు. టీకా వేసినాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పది రోజులైనా పడుతుంది, ఆ లోపల కాపాడేది సీరం, అది తయారుగా ఉన్న రక్షణ. రేబిస్ (పిచ్చికుక్క జబ్బు) వైరస్ నరాల గుండా మెదడుకి పోతుంది, చెంప నుంచి మెదడుకి ఎంత దూరం చెప్పండి? పిల్లలు పొట్టిగా ఉంటారు, కుక్క నోటికి వాళ్ల మొహమే అందుతుంది, అందుకే పిల్లల కాట్లంటే అంత భయం. రక్తం వచ్చిన కాటు ఏదైనా మూడో కేటగిరీయే, అంటే అన్నిటికన్నా ప్రమాదమైన రకం, సీరం అడిగి మరీ వేయించుకోవాలి. మొదటి టీకా పడిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు వేయాలి, ఆ తర్వాత లాభం లేదు. గుర్రం రక్తం నుంచి తీసిన సీరం అయితే కిలోకి 40 యూనిట్లు, అంటే మీవాడికి 560, మనిషి రక్తం నుంచి తీసిందైతే అందులో సగం. దాన్ని గాయంలోకీ గాయం చుట్టూ ఎక్కిస్తారు, పిల్లోడు గుక్కపట్టి ఏడుస్తాడు, మీరు చూడలేకపోతే వాళ్ల నాయన్ని పట్టుకోమనండి కానీ వద్దని మాత్రం అనకండి. చీలినచోట కుట్లు వేయాలన్నా ముందు సీరం పడాలి.

కారం, సున్నం సంగతి. జేజిని తిట్టి లాభం లేదు, ఆమెకి వాళ్ల అమ్మ అట్లే చేసింది. కాకపోతే ఆ మంటకి వైరస్ చావదు, పైగా పుండు రేగుతుంది. పసరు అంతకన్నా వేస్టు, దాన్ని నమ్ముకుని ఆస్పత్రికి లేటుగా పోతారు చూడండి అదీ అసలు ప్రమాదం. కరవంగానే పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకుని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, బట్టల సబ్బైనా పర్లేదు, రెండు నిమిషాలకే వాడు గింజుకుంటాడు మీరూ ఆపేస్తారు, ఆపకండి. కారం పూసేసినా సరే, దాన్నీ కడిగేయండి. గుడ్డు, మాంసం, వంకాయ అన్నీ పెట్టొచ్చు, ఈ సూదికి పథ్యమే లేదు.

పక్కింటోళ్ల మాటలో సగం నిజం ఉంది. కరిచిన కుక్క పది రోజులు బాగుంటే ఆ కాటుతో రేబిస్ రాదు, నిజమే. కానీ అది చూసుకుంటూ ఇక్కడ వైద్యం ఆపకూడదు, రెండూ పక్కపక్కనే నడవాలి, ఎందుకంటే జబ్బు లక్షణాలు బయటపడినాక ఏ డాక్టరూ ఏం చేయలేడు. వాళ్ల కుక్క టీకా పుస్తకం చూపించమనండి, తేదీ ఏడాది దాటిందేమో చూడండి. కుక్కని కొట్టి చంపుతామని ఎగబడేవాళ్లని ఆపండి, చంపితే ఇంక గమనించేదేముంది. కేసు పెట్టాలా అంటే, పెంపుడు జంతువుని అజాగ్రత్తగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. కాకపోతే ఇరుగుపొరుగు, రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి, ముందు ఖర్చు పెట్టుకోమని, కుక్కని కట్టేసుకోమని అడిగి చూడండి అనేది నా మాట.

మీవాడికి వేసింది చర్మంలోకి వేసే టీకా, దాని మిగతా డోసులు 3, 7, 28 రోజుల్లో. కార్డుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, మధ్యలో ప్రైవేటుకి మారితే అక్కడ కండకి వేసే పద్ధతి, 14వ రోజు డోసు కూడా ఉంటుంది, లెక్క గందరగోళం అవుతుంది. బొడ్డు చుట్టూ 14 సూదులని ఎవరైనా భయపెడితే వినకండి, ఆ పాత మందు తయారీ 2004 చివర్లోనే ఆపేశారు. ఇంకోటి, అన్నం తినకపోతే కుక్కకి పట్టిస్తా అని ఇంట్లో ఎవరూ అనకండి, పిల్లోడు రాత్రుళ్లు ఉలిక్కిపడుతుంటే అది ఆ మాటకే కావచ్చు.

ప్రశ్న: మా బర్రెని పిచ్చికుక్క కరిచింది. పాలు కాచి పాపకి పట్టినాం. ఊరంతా సూదులు వేయించుకోమంటున్నారు. – కోడుమూరు

జవాబు: కాచిన పాలకి సూది అక్కర్లేదండి, మరిగితే వైరస్ బతకదు. ఇకమీదట మాత్రం ఆ బర్రె పాలు వాడకండి. బర్రె నోట్లో చెయ్యి పెట్టి మందు తాగించినవాళ్లు ఉంటే, చేతికి గీతలుంటే వాళ్లు ఈరోజే ఆస్పత్రికి పోవాలి. పశువుల డాక్టర్ని కూడా వెంటనే పిలవండి, కుక్క కరిచిన పశువులకీ టీకాలుంటాయి.