చిన్న పౌర సంస్థకు డిజిటల్ భద్రత: ముందు ఏం కొనాలి?

పన్నెండు మంది ఉన్న సంస్థ, ఎన్నికల పరిశీలన పని, చేతిలో డబ్బు తక్కువ, పైగా నిఘా సాఫ్ట్‌వేర్ల వార్తలతో భయం. ముందు ఏం కొనాలని అడిగారు. ముందు ఏమీ కొనకండి. ఒక కాగితం తీసుకుని సంస్థ ఖాతాలన్నీ రాయండి: ఈమెయిల్, డొమైన్, హోస్టింగ్, సోషల్ మీడియా పేజీలు, క్లౌడ్ డ్రైవ్, విరాళాలు వచ్చే ఖాతా. ఒక్కోదాని పక్కన అడ్మిన్ ఎవరో, రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ ఎవరివో రాయండి. ఈ జాబితా రాయించిన చోటల్లా ఎప్పుడో మానేసిన వాలంటీర్ పేరు ఎక్కడో ఒకచోట బయటపడుతూనే ఉంటుంది. డొమైన్ సంగతి మరీను: మొదట్లో రిజిస్టర్ చేసిన కుర్రాడి సొంత ఈమెయిల్‌కే రెన్యువల్ నోటీసులు పోతుంటాయి. అతను చూడకపోతే సైట్ పేరే చేజారుతుంది. ప్రతి ఖాతాకూ ఇద్దరు అడ్మిన్లు ఉంటే చాలు. ఒక్కరే ఉండకూడదు, అయిదుగురూ వద్దు.

ఫోన్‌లోకి చొరబడి నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ పెగాసస్ అంటే ఉన్న భయం ఉత్తదేం కాదు. 2019లో వాట్సాప్‌లోని లోపం ద్వారా దాన్ని సుమారు 1,400 ఫోన్ల మీద ప్రయోగించారు. అయితే అది చాలా ఖరీదైన సరుకు. దొంగ లాగిన్ పేజీ ఒకటి పంపితే పాస్‌వర్డ్ దొరికిపోయే చోట అంత ఖర్చు ఎవరు పెడతారు?

డబ్బు పెట్టాలనుకుంటే సెక్యూరిటీ కీల మీద (లాగిన్ అయ్యేటప్పుడు ఫోన్‌కో కంప్యూటర్‌కో తగిలించే చిన్న పరికరాలు) పెట్టండి, మనిషికి రెండేసి. ఒకటి తాళాల గుత్తికి, రెండోది ఇంట్లో బీరువాలో. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీని సిమ్ మార్పిడి మోసంతో (మీ నంబరును తమ సిమ్‌కు మార్పించుకుని) కాజేస్తారు. ఫోన్‌లోనే లాగిన్ కోడ్‌లు పుట్టించే అథెంటికేటర్ యాప్ అంకెలు అంతకంటే నయమే గానీ, దొంగ పేజీలో మీరు కొట్టిన అంకెల్ని అవతలివాళ్లు అదే క్షణంలో అసలు సైట్‌లో కొట్టేయగలరు. కీ, పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనే ఉండి, వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుచుకునే డిజిటల్ తాళం) మాత్రం సైట్ చిరునామాను తామే సరిచూసుకుంటాయి, దొంగ సైట్‌కు జవాబివ్వవు. కీలు కొనలేకపోతే ఫోన్‌లోని పాస్‌కీ ఉచితమే. జీమెయిల్ వాడేవాళ్లు ఖాతాకు అదనపు రక్షణ ఇచ్చే గూగుల్ అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్‌లో చేరండి, దానికీ రుసుము లేదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: కీ పెట్టుకుని ఎస్సెమ్మెస్ దారిని తీసెయ్యరు. ముందు తలుపుకి కొత్త తాళం వేసి దొడ్డిదారి తెరిచి ఉంచడమే అది. బ్యాకప్ కోడ్‌లు (కీ పోయినా లోపలికి వెళ్లేందుకు ఇచ్చేవి) కాగితం మీద ప్రింట్ తీసుకోండి, అదే ఖాతా డ్రైవ్‌లో దాచకండి. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, అనుమతి ఇచ్చిన బయటి యాప్‌లు కూడా చూడండి. చొరబడినవాడు అక్కడ ఒక నియమం పెట్టిపోతే, పాస్‌వర్డ్ మార్చినా మీ మెయిళ్లు వాడికి చేరుతూనే ఉంటాయి.

మాటామంతీకి సిగ్నల్ యాప్ సరిపోతుంది. రిజిస్ట్రేషన్ లాక్ (పిన్ లేకుండా మీ నంబరును వేరే ఫోన్‌లో నమోదు కానివ్వదు) ఆన్ చేయండి, మీ నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టండి, మాయమయ్యే సందేశాలకు వారం గడువు పెట్టండి. లింక్ అయిన పరికరాల జాబితాను తరచూ చూడండి. గ్రూపులో చేరమంటూ క్యూఆర్ కోడ్ పంపి, దాంతో తమ కంప్యూటర్‌ను మీ ఖాతాకు తగిలించుకునే మోసాలు బయటపడ్డాయి. వాట్సాప్ తప్పదంటే టూ స్టెప్ పిన్ పెట్టి, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్‌ను మీరే ఆన్ చేయండి, అది దానంతటది ఆన్ కాదు.

పోలింగ్ రోజు వీడియోల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిజమైన ఆధారం కూడా పనికిరాకుండా పోయేది ఇక్కడే. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, తీసిన సమయం, చోటు వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి. అసలు ఫైలు అందగానే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాలు, అంకెల వరుస) లెక్కించి, తేదీతో సహా వేరే చోట రాసిపెట్టండి. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ఆ సదుపాయం ముందే ఉంటుంది. ఫైలు పేరు మార్చినా హ్యాష్ మారదు, తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మారిపోతుంది. కాబట్టి కత్తిరింపులు, ముఖాలు మసకబరచడం అన్నీ నకలు మీదే. సాక్షుల పేర్లు వీడియోలున్న ఫోల్డర్‌లో ఉండకూడదు. వెబ్ పేజీల్ని వేబ్యాక్ మెషీన్‌లో (పేజీల నకళ్లను దాచే ఉచిత సైట్) భద్రపరచండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు: సోషల్ మీడియా పోస్టులు అందులో తరచూ సరిగా పడవు. పూర్తి చిరునామా, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి.

సైట్‌ను ట్రాఫిక్‌తో ముంచెత్తే దాడుల నుంచి కాపాడేందుకు క్లౌడ్‌ఫ్లేర్ ప్రాజెక్ట్ గెలీలియో, గూగుల్ ప్రాజెక్ట్ షీల్డ్ ఇలాంటి సంస్థలకు ఉచితం, దరఖాస్తు చేసుకోవాలి. పోలింగ్‌కు ముందురోజు కాదు, కొన్ని వారాల ముందే. సైట్ ఈ సేవల కవచం వెనక్కి మారాక సర్వర్ ఐపీ చిరునామా కూడా మార్చండి, కవచం వైపు నుంచి తప్ప మరెక్కడి నుంచీ కనెక్షన్లు తీసుకోకుండా ఫైర్‌వాల్ పెట్టండి. లేదంటే పాత డీఎన్ఎస్ రికార్డుల్లో (సైట్ పేరు ఏ సర్వర్‌కు వెళ్తుందో చెప్పేవి) దొరికే చిరునామాతో నేరుగా సర్వర్ మీదికే వస్తారు.

ఇంటర్నెట్ ఆపేస్తారన్న అనుమానం ఉంటే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే కాగితం మీద రాసుకోండి. ఆండ్రాయిడ్‌లో బ్రయర్ అనే సందేశాల యాప్ నెట్ లేకున్నా బ్లూటూత్ ద్వారా పనిచేస్తుంది, కానీ దగ్గర్లో ఉన్నవాళ్ల మధ్యే. ఆ యాప్ వేసుకోవడం, కాంటాక్టులు కలుపుకోవడం నెట్ ఉన్నప్పుడే కానివ్వండి.

ఇక ఫోన్ల విషయం. అప్‌డేట్లు వెంటనే వేసుకోండి, రోజుకోసారి రీస్టార్ట్ చేయండి. మీ ముగ్గురు నలుగురు ముఖ్యులు ఐఫోన్ వాడుతుంటే లాక్‌డౌన్ మోడ్ (నిఘా సాఫ్ట్‌వేర్‌కు దారి కాకుండా కొన్ని సదుపాయాల్ని ఆపేసే సెట్టింగ్) పెట్టుకోవచ్చు. కొన్ని సైట్లు నెమ్మదిస్తాయి, మెసేజుల్లో చాలా రకాల అటాచ్‌మెంట్లు రావు, అది భరించాలి. ఫోన్‌లో నిఘా ఉందని ఆపిల్ నుంచో వాట్సాప్ నుంచో హెచ్చరిక వస్తే కంగారులో ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, పరీక్షించడానికి కావలసిన ఆనవాళ్లన్నీ పోతాయి. యాక్సెస్ నౌ డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్ పౌర సంస్థలకు 24 గంటలూ ఉచితంగా సాయం చేస్తుంది. వాళ్లకు వేరే పరికరం నుంచి రాయండి, పాస్‌వర్డ్‌లు కూడా ఆ పరికరం నుంచే మార్చండి.