పేర్లు ముందు, రాయి తర్వాత

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్తే. మాది ఎనభైల నాటి సైన్సు బ్యాచ్. ఈమధ్య మా వాట్సాప్ గ్రూపులో తరచూ ఎవరిదో ఒక ఫొటో వస్తోంది. కింద వరసగా 'ఓం శాంతి'లు, దండం బొమ్మలు పడతాయి. మర్నాటికి గుడ్ మార్నింగుల కింద అవన్నీ కొట్టుకుపోతాయి. కొవిడ్‌లో మా మాస్టార్లు, ల్యాబ్ అసిస్టెంటు కూడా పోయారు. అందర్నీ తలుచుకోడానికి యూనివర్సిటీలో ఒక చోటు ఉండాలని డబ్బు పోగుచేశాం. లైబ్రరీ పక్కన కాస్త జాగా ఇస్తామన్నారు. అక్కడే పేచీ మొదలైంది. పాత హెచ్ఓడీగారి విగ్రహం పెట్టాలని కొందరు, నల్లరాతి పలక చాలని కొందరు. మెస్‌లో పనిచేసినవాళ్ల పేర్లు కూడా రాయాలా? హాస్టల్లో ఆత్మహత్య చేసుకున్న కుర్రాడి పేరు రాస్తే ఇంట్లోవాళ్లు బాధపడరా?
— ఒక పూర్వ విద్యార్థి, కాకినాడ

జవాబు: విగ్రహం సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. నా ఉద్యోగమంతా యూనివర్సిటీ లైబ్రరీ కౌంటరు వెనకే గడిచింది. మా ఆవరణలో విగ్రహాలకి జయంతికో దండ, వర్ధంతికో దండ పడేవి, మిగతా ఏడాదంతా కాకులదే. పైగా ఒకరి విగ్రహం లేచిందంటే 'మావాడు ఏం తక్కువ' అంటూ ఇంకో వర్గం బయల్దేరుతుంది. మీరు కోరుకున్నది అందర్నీ తలుచుకునే చోటు కదా!

రాయి కూడా ఇప్పుడే కొనకండి. ఎవరి పేర్లు ఎక్కుతాయి, ఏడాదిలో ఏ రోజున వాటిని పైకి చదువుతారు, ఈ రెండూ ముందు కాగితం మీద పెట్టండి. ఇవి తేలకుండా పలక నిలబెడితే మూడో ఏడాదికి దాని ముందు స్కూటర్లు నిలబడతాయి.

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మన పిల్లలు బోలెడుమంది చదువుతున్నారు. మీ గ్రూపులోనే ఎవరి అబ్బాయో అమ్మాయో ఉండొచ్చు, అడిగి చూడండి. అక్కడ చదువుతుండగా ఎవరైనా విద్యార్థి చనిపోతే, ఆ తర్వాత వచ్చే నెల మొదటి మంగళవారం రాత్రి దీపాలు తగ్గించి, పిల్లలంతా మాట్లాడకుండా వచ్చి నిలబడతారు. బూర ఊదేవాళ్లు ఉత్తరానికి, దక్షిణానికి, పడమరకి మూడుసార్లు వాయిస్తారు. తూర్పుకి తిరగరు. పోయినవాళ్లకి ఇక పొద్దు పొడవదని. ఏటా ఏప్రిల్ 21న ఇంకోటి ఉంది, 'మస్టర్' అంటారు. ఆ ఏడాది పోయిన పూర్వ విద్యార్థుల పేర్లు హాజరు పట్టీ చదివినట్టు చదువుతారు. పేరు వినగానే ఇంటివాళ్లో స్నేహితులో 'హియర్' అని పలికి కొవ్వొత్తి వెలిగిస్తారు. యూనివర్సిటీలోనే కాదు, ప్రపంచంలో పూర్వ విద్యార్థులు నలుగురు ఉన్న ఊళ్లలోనూ చేస్తారు. దీనికి గ్రానైటు ఎందుకు చెప్పండి? ఒకప్పుడు 'ప్రజెంట్ సార్' అన్న మీ గొంతులే చాలు.

మీకు రోజు కూడా నేనే చెబుతాను. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఎటూ అందరూ దిగుతారు కదా. పండగ వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం పెట్టుకోండి. వేసవి సెలవుల్లో మాత్రం పెట్టకండి, గేటు తాళం తీయించడానికే సగం రోజు పోతుంది.

ఎవరి పేరు ఉండాలన్న తగువు మీ ఒక్కరికే రాలేదు. 2007 ఏప్రిల్ 16న అమెరికాలోనే వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి 32 మంది చనిపోయారు. విద్యార్థులే మైదానంలో 32 రాళ్లు పేర్చారు. కాల్చినవాడూ అక్కడి విద్యార్థే, వాడూ ఆరోజే చచ్చాడు. వాడి కోసం ఒకమ్మాయి 33వ రాయి పెట్టింది. దానిమీద పెద్ద చర్చే నడిచింది. ఆ ఆగస్టులో కట్టిన శాశ్వత స్మారకంలో ఉన్నవి 32 రాళ్లే. అక్కడ తగువు హంతకుడి గురించి. మీరు తగువులాడుకుంటున్నది మీకు అన్నం పెట్టినవాళ్ల గురించి!

పరీక్షల రాత్రుళ్లలో మీకోసం గిన్నె అడుగున కాస్త కూర దాచినాయన యూనివర్సిటీ మనిషి కాకపోతే మరెవరు? రాయండి. చిక్కేమిటంటే కాంట్రాక్టు మనుషుల పేర్లు ఏ రిజిస్టర్లోనూ సరిగ్గా ఉండవు. మీరంతా 'మావా' అనో 'తాతా' అనో పిలిచి ఉంటారు. పాత వంటవాళ్లనీ వాచ్‌మెన్లనీ వెతికి పట్టుకుని, ఆ ఇళ్లకి వెళ్లి, ఇంటిపేరుతో సహా అడిగి రాసుకోవాలి. ఈ పని ఫోనులో అవదు. ఆడపిల్లల విషయంలో ఇంకో తిరకాసు ఉంది: అడ్మిషన్ నాటి ఇంటిపేరు వేరు, పెళ్లయ్యాక వేరు. రెండూ వేయండి, లేకపోతే పక్కన కూచున్న స్నేహితురాలే గుర్తుపట్టదు.

ప్రొఫెసరు, డాక్టరు, రిజిస్ట్రారు, ఈ తోకలన్నీ తీసేయండి. అక్షర క్రమం కూడా వద్దు. మన పేర్లని ఇంటిపేర్ల వరసలో పెడితే కులాలు గుంపులుగా కనిపిస్తాయి, చదివేవాళ్లు అదే లెక్క వేసుకుంటారు. పోయిన తేదీల వరసలో రాయండి. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం మీద వేల పేర్లు అలాగే చెక్కారు. దాన్ని రూపొందించిన మాయా లిన్ అప్పటికి యేల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల అమ్మాయి.

తోకలు తీసేసిన చోట ఊరి పేరు పెట్టండి. ఆ టెక్సస్ ఏ అండ్ ఎంలోనే 1999 నవంబరు 18న తెల్లవారుజామున, ఫుట్‌బాల్ పోటీ ముందు వేసే పెద్ద మంట కోసం విద్యార్థులు పేరుస్తున్న దుంగలు కూలి 12 మంది చనిపోయారు, 27 మందికి దెబ్బలు తగిలాయి. 2004లో కట్టిన స్మారకంలో 12 ద్వారాలున్నాయి. ఒక్కొక్కటీ ఆ మనిషి సొంతూరి దిక్కుకి తిరిగి ఉంటుంది. నేను చదివిన స్మారకాల్లో నాకు మరీ నచ్చింది ఇదే. మన హాస్టళ్లలో మొదటిరోజు మొదటి ప్రశ్న 'మీదే ఊరు?' అనేగా!

ఇక ఆ కుర్రాడి సంగతి. అమ్మానాన్నలుంటే ఇద్దరు ముగ్గురు వెళ్లి అడగండి. సరేనంటే అందరితోపాటే రాయండి. అసలు ఎవరి పేరు పక్కనా చావుకి కారణం రాయకండి, అప్పుడు అతని పేరు విడిగా కనిపించదు. వద్దంటే బలవంతం చేయకండి. ఆ తేదీ దగ్గర ఒక పేరుకి చోటు వదిలి, ఏడాది పోయాక మళ్లీ అడగండి.

జాగా విషయానికొస్తే, లైబ్రరీ పక్కన అంటే సరిగ్గా ఎక్కడో చూసుకోండి. అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో 1970 మే 4న సైనికుల కాల్పుల్లో నలుగురు విద్యార్థులు కూలిన చోట 1999 దాకా కార్లు నిలుపుతూనే ఉన్నారు. ఆ ఏడాదే అక్కడ దీపస్తంభాలు పాతి ఆ నాలుగు జాగాలూ వేరుచేశారు. మనదగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సస్పెండైన విద్యార్థులు 2016లో వేసుకున్న 'వెలివాడ' గుడారమే, వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల మరణం తర్వాత జనం వచ్చి తలుచుకునే చోటయింది. మనుషులు ఎటూ కూచునే చోటు దొరికితే సగం పని అయినట్టే. మీరంతా టీ తాగిన చెట్టు ఇంకా ఉంటే దానికిందే జాగా అడగండి.

డబ్బు మిగిలితే ఒక బైండు పుస్తకం చేయించి లైబ్రరీలో పెట్టండి, మనిషికో పేజీ. వాళ్ల గురించి తెలిసినవాళ్లు సొంత చేతిరాతతో రాయాలి. ఇది లైబ్రేరియన్ బుద్ధి అనుకోండి, ఫరవాలేదు.

రాయి మీద పేర్లు, ఊళ్లు తప్ప ఇంకేం ఉండకూడదు. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి, ఆ అలవాటు ఇక్కడికి రానివ్వకండి. చందాల జాబితా గ్రూపులో పెడితే సరిపోతుంది. ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలవాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పిలవండి, శాలువా కప్పండి, భోజనం పెట్టండి. 'వారి కరకమలములచే' అన్న పలక మాత్రం చేయించకండి.