బాల్సా గ్లైడర్ రెక్కలు కట్టబోయే మేనకోడలికి

అమ్మలూ,

ఫ్యూజిలేజ్ (గ్లైడర్ ఒళ్ళు) పూర్తయింది, ఇక రెక్కలు మొదలుపెడతానని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన ఏడాదే సొంతంగా గ్లైడర్ కట్టడానికి పూనుకున్నావంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఫోన్లో నాలుగు ముక్కలు చెప్తే తీరే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. పని చేసే బల్ల మీద పక్కనే పెట్టుకో.

నువ్వు ఎంచుకున్నది ఎ-వన్ తరగతి గ్లైడర్. అంతర్జాతీయ నిబంధనల్లో దాన్నే ఎఫ్‌వన్‌హెచ్ అంటారు. రెక్క, తోక కలిపి వైశాల్యం 18 చదరపు డెసీమీటర్లు దాటకూడదు, బరువు 220 గ్రాములకు తగ్గకూడదు, గాలిపటంలా లాగి పైకి లేపే దారం 50 మీటర్లు మించకూడదు. దారం నుంచి విడిపోయాక ఇక నీ చేతిలో ఏమీ ఉండదు. రిమోట్ లేదు, రెక్క వెనక అంచున కదిలే ఐలెరాన్ పలకలు లేవు. గాలి కుదిపితే సర్దుకోవాల్సింది ఆ రెక్కే. అందుకే ఒక్కటి మనసులో పెట్టుకో: కాడికి కట్టిన ఎద్దుల్లా కుడి రెక్క, ఎడమ రెక్క సరిజోడు కావాలి. బరువులోనూ, బిగువులోనూ, వంపులోనూ. నునుపు, రంగు, అందం అన్నీ ఆ తర్వాతే.

సరిజోడు కుదరడం జిగురు సీసా మూత తీయకముందే, కర్ర ఏరుకునే దగ్గరే మొదలవుతుంది. బాల్సా ఈక్వడార్ అడవుల్లో ఆరేడేళ్ళలోనే ఏపుగా పెరిగే చెట్టు. అంత తొందరగా పెరిగేది కాబట్టి ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. ఒకే చెట్టులోనే ఒకచోట దూదిలా తేలికగానూ, ఇంకోచోట దానికి రెట్టింపు బరువుగానూ ఉంటుంది. దుకాణంలో పైన ఉన్న నాలుగు పలకలు తీసుకుని వచ్చేయకు. జేబులో పట్టే చిన్న డిజిటల్ తూకం తీసుకెళ్ళు. 1.5 మి.మీ. మందం, 75 మి.మీ. వెడల్పు, 900 మి.మీ. పొడవున్న పలక 10 గ్రాములు తూగితే చాలా తేలిక కర్ర, 16 గ్రాములైతే మధ్యరకం, 25 గ్రాములైతే గట్టిది. రిబ్బులకి, అంటే రెక్కకి ఆకారం ఇచ్చే అడ్డ ముక్కలకి, 10 నుంచి 14 గ్రాముల మధ్య ఉన్నవి ఏరుకో. ఒక్కో పలక మీద దాని బరువు పెన్సిల్‌తో రాసి పెట్టుకో. బరువు సరిపోయిన పలకలు జతలు జతలుగా దొరికితే ఇంకా మంచిది.

తూకం ఒక్కటే చాలదు. పలకను వెలుతురులో వాలుగా పట్టుకుని చూడు. ఒంటి మీద మచ్చలు మచ్చలుగా, మెరిసే చిన్న చిన్న పొలుసుల్లాంటివి కనిపిస్తే అది సి-గ్రెయిన్. అడ్డంగా వంచబోతే వంగకుండా టక్కున విరుగుతుంది. రిబ్బులకి కావాల్సింది అదే, ఎందుకంటే అది మెలి తిరగదు. పొడుగాటి గీతలతో, అడ్డంగా గొట్టంలా సులువుగా వంగేది ఎ-గ్రెయిన్. వంపు తిరిగిన చోట కప్పడానికి అది బాగుంటుంది గానీ రిబ్బులకి పనికిరాదు. ఈ ఒక్క తేడా చేతికి అలవాటైతే సగం పని వచ్చేసినట్టే. ఇంకో మాట, ఈ కర్రని తేలిగ్గా చూడకు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళ మస్కిటో విమానం ఒంటిని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి కట్టారు. అది 1940 నవంబరులో మొదటిసారి ఎగిరింది. ఇవాళ గాలిమరల పెద్ద పెద్ద రెక్కల లోపల కూడా ఇదే కర్ర ఉంటోంది.

స్పార్‌కి, అంటే రెక్క పొడవునా వెన్నెముకలా సాగే పుల్లకి మాత్రం బాల్సా కన్నా 3 మి.మీ. చదరపు స్ప్రూస్ కర్ర పుల్లలు నయం. రెక్కకి పైన ఒకటి, కింద ఒకటి. నాలుగు కావాలి కాబట్టి ఆరు కొను. ప్రతి పుల్లనీ బల్ల అంచున ఒకేంత పొడవు బయటికి వచ్చేలా నొక్కిపట్టి, చివర చిన్న బరువు వేలాడదీసి, ఎంత వంగిందో స్కేలుతో కొలువు. సమానంగా వంగిన రెండింటిని కుడికొకటి, ఎడమకొకటి పై స్పార్‌గా వాడు. మిగతా వాటిలో సమానమైనవి కింద స్పార్లు. ఒకవైపు రెక్క ఎక్కువ వంగితే, దారంతో లాగేటప్పుడు గ్లైడర్ ఆ పక్కకే పోతుంది. దాన్ని తోకతో సరిచేద్దామని చాలామంది రోజుల తరబడి తంటాలు పడతారు. జబ్బు రెక్కలో ఉంటే మందు తోకకి వేసి లాభం లేదు.

రిబ్బుల ఆకారం క్లార్క్-వై పెట్టుకోమన్నాను గుర్తుందా? 1922లో వర్జీనియస్ క్లార్క్ గీసిన ఆకారం అది. దానికన్నా బాగా తేలే సన్నటి, లోపలికి వంగిన ఆకారాలు ఉన్నాయి. కానీ దీనికి కింది వైపు ముప్పాతిక భాగం దాకా చదునుగా ఉంటుంది కాబట్టి బల్ల మీద ఒద్దికగా కూర్చుంటుంది. మొదటి రెక్కకి అంతకన్నా కావాల్సింది లేదు. రిబ్బుల్ని ఒక్కొక్కటిగా కోయకు. ప్లైవుడ్‌తో రెండు నమూనా రిబ్బులు చేసి, వాటి మధ్య బాల్సా ముక్కలన్నీ పేర్చి, రెండు పొడుగు బోల్టులు బిగించి, దొంతర మొత్తాన్ని ఒకేసారి సాండ్‌పేపర్ దిమ్మతో రుద్దు. స్పార్ గాడులు కూడా ఆ దొంతర మీదే కోయాలి. నార మాత్రం ప్రతి ముక్కలోనూ ముందు నుంచి వెనక్కే ఉండాలి. స్పార్ పుల్ల గాడిలోకి వేలితో నెడితే వెళ్ళాలి, తిరగేస్తే జారిపోకూడదు. సుత్తితో కొట్టాల్సి వస్తే గాడి బిగువు, అప్పుడు రిబ్బు పగులుతుంది. వదులైతే జిగురుతో పూడ్చకు, సన్నటి బాల్సా చెక్క పెట్టు.

ఇక బల్ల. దాని మీద ఉన్న వంపే రెక్కకి వస్తుంది. స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి ఆనించి అవతల టార్చి వెయ్యి. కింద నుంచి వెలుతురు కారితే ఆ పలక వద్దు. వడ్రంగి దగ్గర మిగిలిన ఫ్లష్ డోర్ ముక్క దొరికితే, దాని మీద గుండుసూదులు దిగే సాఫ్ట్‌బోర్డు పరుచుకో. పైన ప్లాను, దాని మీద పలచటి పాలిథిన్ కాగితం.

కింది స్పార్‌ని ప్లాను మీద నిలబెట్టేటప్పుడు సూది పుల్లలోంచి గుచ్చకు. రెండు పక్కలా ఏటవాలుగా గుచ్చి, మధ్యలో ఇరికించు. తర్వాత ట్రైలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు పుల్ల), తర్వాత రిబ్బులు, ఒక్కోటీ మూలమట్టంతో చూసుకుంటూ. లీడింగ్ ఎడ్జ్, అంటే రెక్క ముందు అంచు దగ్గర జాగ్రత్త. క్లార్క్-వై ముక్కు దగ్గర పైకి లేస్తుంది కాబట్టి ఆ అంచు బల్లకి ఆనదు. నీ కొలతకి 5 మి.మీ. పుల్ల కింద 2 మి.మీ. బాల్సా ముక్కలు ఎత్తుపెట్టాలి. ఆ ముక్కలన్నీ ఒకే పలకలోంచి కోసుకో. పై స్పార్ పెట్టాక, మధ్యకి దగ్గరగా ఉన్న నాలుగైదు గళ్ళలో రెండు స్పార్ల నడుమ 1.5 మి.మీ. బాల్సా ముక్కలు నార నిలువుగా ఉండేలా అతికించు. దారం లాగుడంతా పడేది అక్కడే.

జిగురుకి మామూలు తెల్ల ఫెవికాల్ చాలు. అతుకు రెండు వైపులా పలచగా రాసి, ఆరనిచ్చి, మళ్ళీ కొంచెం రాసి కలుపు. బయటికి పొంగినది తడి గుడ్డతో తుడిచెయ్యి, అది వట్టి బరువు. రాత్రంతా బల్ల మీదే వదిలెయ్. తొందరపడి తీస్తే మెలి తిరిగేది అప్పుడే.

రెండో రెక్కకి ముందు ప్లాను కాగితం వెనక కొంచెం కొబ్బరినూనె రాయి. గీతలు వెనక నుంచి కనిపిస్తాయి, దాన్ని తిరగేసి వాడుకో. లేకపోతే రెండూ కుడి రెక్కలే అవుతాయి.

రెండు రెక్కల్నీ కలిపేటప్పుడు వి ఆకారంలో ఎత్తాలి, దాన్నే డైహెడ్రల్ అంటారు. గ్లైడర్ ఒక పక్కకి ఒరిగి జారితే, కిందికి వాలిన రెక్కకి గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని మళ్ళీ పైకి లేపుతుంది. పైలట్ లేని విమానానికి పైలట్ అదే. నీ రెక్క ఒక్కోటి 600 మి.మీ. కాబట్టి ఒక రెక్క బల్ల మీద చదునుగా పడుకోబెడితే, రెండో దాని చివర దాదాపు 120 మి.మీ. పైకి ఉండాలి. స్పార్‌కి ముందు, వెనక 1.5 మి.మీ. ప్లైవుడ్ పట్టీలు ఎపాక్సీతో అతికించు. ఇక్కడ ఫెవికాల్ వద్దు.

రెక్క మీద టిష్యూ కాగితం కప్పే రోజు ఆకాశం చూసుకో. తేమ ఎక్కువగా ఉంటే డోప్ (కాగితం బిగుసుకోవడానికి పూసే వార్నిష్ లాంటిది) తెల్లగా పాలిపోతుంది, కాగితం బిగుసుకోదు. మీ విశాఖలో వానాకాలమంతా ఇదే బెడద. పొడి ఎండ కాసేదాకా ఆగు, నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు. కాగితం నార రెక్క పొడవునా ఉండాలి. ముందు కింద, తర్వాత పైన. నీళ్ళు సన్నగా చిమ్మి, బిగుసుకునేలోపే రెక్కని బల్లకి కట్టెయ్. రెండు చివరలా ట్రైలింగ్ ఎడ్జ్ కింద 3 మి.మీ. ముక్క పెట్టు. దీన్ని వాషౌట్ అంటారు. చివర కోణం తగ్గితే అక్కడ గాలి పట్టు ఆఖరున గానీ వదలదు, రెక్క ఒక పక్కకి కూలబడదు. డోప్‌లో సమానంగా థిన్నర్ కలిపి, రెండు పలచటి పూతలు చాలు. కిటికీలు తీసిపెట్టు, పొయ్యి వెలిగించిన ఇంట్లో ఆ పని చేయకు. అది భగ్గుమంటుంది. మీ అమ్మకి కూడా ఈ మాట చెప్పు.

ఎండాక రెక్కని చేతులు చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, వెనక నుంచి చూడు. రెండు చివరలూ ఒకేంత కనిపించాలి. తేడా ఉంటే మరిగే నీళ్ళ ఆవిరి మీద, మెలికి ఎదురుగా తిప్పి పట్టుకుని, చల్లారేదాకా వదలకు. తర్వాత మధ్య అతుకు ముందు వెనక రెండు వేళ్ళ మీద ఆనించి, తేలికైన చివర చిటికెడు మట్టి అంటించు. రెక్క మొత్తం 70, 80 గ్రాముల్లో తేలితే బాగా కట్టినట్టే.

ఫ్యూజిలేజ్‌కి మాత్రం రబ్బరు బ్యాండ్లతోనే కట్టు, అతికించకు. నేలకి తగిలినప్పుడు రెక్క ఊడి పక్కన పడాలి, విరగకూడదు. కప్పకముందు ఒకటి, కప్పాక ఒకటి ఫొటోలు పంపు. రెండూ వెనక నుంచే తియ్యి, పక్క నుంచి తీసినవి చూసి నేను ఏమీ చెప్పలేను.

ఆశీస్సులతో,
మామయ్య