ఆదివారం వెళ్తే గోడలే కనిపిస్తాయి

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఏడో తరగతి. ఆన్‌లైన్‌లో వయొలిన్ నేర్చుకుంటోంది. దాన్ని ఒకసారి విజయనగరం సంగీత కళాశాలకి తీసుకెళ్లాలని ఉంది. "పాత బిల్డింగే కదా, చూడ్డానికేముంది?" అంటున్నారు మావారు. ఆయనకి ఆదివారమే సెలవు. ఆ రోజు వెళ్లొచ్చా? వయొలిన్ వెంట తీసుకెళ్లమంటారా? పనిలో పనిగా బొబ్బిలి వీణలు కూడా చూసి రాగలమా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఆదివారం వద్దమ్మా. అది మ్యూజియం కాదు, పాఠాలు నడిచే ప్రభుత్వ కళాశాల. సెలవు రోజు వెళ్తే మీవారన్న పాత బిల్డింగే కనిపిస్తుంది, ఆయన మాటే నెగ్గుతుంది. ఆయన్ని ఒక రోజు సెలవు పెట్టమనండి. కుదరకపోతే తల్లీకూతుళ్లిద్దరూ మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కేయండి, అరవై కిలోమీటర్లే. క్లాసుల వేళలు ముందే కనుక్కోండి. అక్కడికి వెళ్లాక ఆఫీసులో అడిగాకే క్లాసు వైపు నడవండి. పాఠం జరుగుతుంటే గుమ్మంలో నిలబడి వీడియో తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, మీరు ఆ పని చేయకండి.

ఆ కళాశాలని 1919లో విజయరామ గజపతిరాజు పెట్టారు. సంస్థానంలో ఒకరి అబ్బాయికి చూపు లేదు, వాడికి సంగీతం చెప్పించడానికి సాయం అడిగితే రాజావారు ఏకంగా కళాశాలే పెట్టించారని చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల అక్కడ చదువుకున్నారని మీకు తెలిసే ఉంటుంది. మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. పి. సుశీల కూడా అక్కడి విద్యార్థినే.

మీ అమ్మాయికి మాత్రం ముందు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి చెప్పండి. ఆయన పెరిగింది మన విశాఖలోనే. విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆ వాయిద్యం విని నేరుగా వయొలిన్ ఆచార్యుడిగా వేసుకున్నారని అంటారు. అప్పటికి ముప్ఫయ్యేళ్లు కూడా లేవు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. జనం నోట్లో ఆయన ఫిడేలు నాయుడు గారు. పక్కవాద్యంగానే ఉండిపోయిన వయొలిన్‌తో సోలో కచేరీలు చేసి మెప్పించారు.

అక్కడ అమ్మాయిని ఏం చూడమనాలంటే, వయొలిన్ విద్యార్థుల కాళ్లు చూడమనండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా. ఫిడేలు తెల్లవాళ్లతో మన దేశానికొచ్చింది. వాళ్లు నిలబడి గడ్డం కింద పట్టుకుంటారు. మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసి, కుడి పాదం కాస్త ముందుకు పెట్టి, ఫిడేలు కొసన చుట్ట తిరిగిన తలని ఆ చీలమండ మీద ఆనిస్తారు. రెండో కొస ఛాతీకి ఆనుతుంది. వాయిద్యం కదలదు కాబట్టి ఎడమచేతికి దాన్ని మోసే పని ఉండదు, వేళ్లు తీగ మీద పైకీ కిందకీ జారొచ్చు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, పుట్టేది ఆ జారులోనే. ఆన్‌లైన్ పాఠంలో గురువుగారి మొహం, కమాను కనిపిస్తాయి, పాదం కనిపించదు. నా దగ్గరికి అలా నేర్చుకుని వచ్చే పిల్లల్లో చాలామంది చీలమండ మీద కాకుండా మోకాలి దగ్గర ఆనించుకుంటున్నారు. పాట కొంచెం వేగం అందుకునేసరికి ఫిడేలు ఊగిపోతుంది, ఎడమచెయ్యి దాన్ని పట్టుకోవడంతోనే సరిపోతుంది.

కొత్తగా చేరినవాళ్ల సరళీ వరసల (మొట్టమొదటి స్వర పాఠాల) క్లాసు దొరికితే అదే వినిపించండి, పెద్ద క్లాసు కన్నా మేలు. పదిమంది ఒకేసారి సా పట్టుకుంటే శ్రుతి ఎక్కడ తప్పుతోందో మీ అమ్మాయికే తెలుస్తుంది.

వయొలిన్ తీసుకెళ్లండి. ఎవరైనా టీచరు గారు తీరిగ్గా దొరికితే అమ్మాయి కూర్చునే తీరు ఒక్కసారి చూడమని అడగొచ్చు. "మా పాప వాయిస్తుంది, వింటారా" అని మాత్రం మీరుగా అనకండి, వాళ్లు అడిగితే వేరు. మీవారు వస్తే, బోరు కొట్టినప్పుడు చూడ్డానికి కోట ఉంది, 1713 నాటిది.

బొబ్బిలి అదే రోజు పెట్టుకోకండి. విజయనగరం నుంచి ఇంకో యాభై కిలోమీటర్ల పైనే. వీణలు చేసే గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) చేయడం చూస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.