తాతగారి హస్తవాసితో మనవడు బోర్డు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా నాన్నగారు ఏళ్ల తరబడి విరిగిన ఎముకలకు కట్టు కడుతున్నారు. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. పై చదువులు వద్దు, తాత దగ్గర పని నేర్చుకుని బోర్డు పెడతానంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: ఒప్పుకోదండీ. విద్య వారసత్వంగా రావచ్చు గానీ వైద్యం చేసే హక్కు రాదు. భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్ చట్టం, 2020 ప్రకారం రాష్ట్ర రిజిస్టరులోనో జాతీయ రిజిస్టరులోనో పేరున్నవారే ఆయుర్వేద, యునాని, సిద్ధ వైద్యం చేయాలి. కేరళ సంప్రదాయ వైద్యులు ఈ విషయమై సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుర్తింపు పొందిన అర్హత లేనిదే వైద్యం చేయరాదని 2018లో తీర్పు వచ్చింది. మీ నాన్నగారి పేరు ఏ పాత రిజిస్టరులోనైనా ఎక్కి ఉంటే అది ఆయన వరకే. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సంప్రదాయ వైద్యులకు ఇచ్చే ధ్రువపత్రం కూడా నైపుణ్యానికి గుర్తింపే, ప్రాక్టీసుకు లైసెన్సు కాదు. అది ఇప్పిస్తామంటూ డబ్బు అడిగేవారిని గుమ్మం దాటనివ్వకండి.

నగరంలో ఇన్ని పుత్తూరు కట్టు బోర్డులు ఉన్నాయి కదా అంటారేమో. కనిపించినవన్నీ చెల్లుతాయని కాదు. వెదురు బద్దలు, ఆకు పసరు, గుడ్డు తెల్లసొనతో వేసే ఆ కట్టులో నేర్పు ఉంది, కాదనను. కానీ ఎక్స్‌రే లేకుండా వేసిన కట్టు కాస్త బిగిసి, వేళ్లు నీలం తిరిగి, స్పర్శ పోతే గంటల్లోనే చేతికే ముప్పు. వ్యవహారం కోర్టుకెక్కితే రిజిస్ట్రేషన్ లేని కుర్రాడు ఏమని చెప్పుకుంటాడు?

కాబట్టి నీట్ రాయించండి. ఆయుర్వేద వైద్య డిగ్రీ అయిన బీఏఎంఎస్ నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. హైదరాబాద్‌లోనే ఎర్రగడ్డలో బీఆర్‌కేఆర్ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. రాష్ట్ర కోటా సీట్ల కౌన్సెలింగ్ వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. ఎముకల మీదే మనసుంటే ఆ తర్వాత శల్యతంత్రంలో, అంటే ఆయుర్వేద శస్త్రచికిత్సలో, ఎంఎస్ చేయవచ్చు. అయితే డిగ్రీ చేతికొచ్చింది కదా అని ఇంగ్లీషు మందులు రాయడం మొదలుపెట్టకూడదు. హోమియో వైద్యుడు అల్లోపతి మందులిచ్చిన కేసులో 1996లోనే సుప్రీంకోర్టు అది నిర్లక్ష్యమేనని తేల్చింది.

సెలవుల్లో మాత్రం తాతగారి దగ్గర కూర్చోనివ్వండి, సొంతంగా కట్టనివ్వకుండా. ఏ ఆకు, ఎంత పాళ్లు అన్నది రాసుకోమనండి. ఎలాంటి దెబ్బ చూస్తే ఆయన "ఇది నా వల్ల కాదు" అని ఆసుపత్రికి పంపేస్తారో అదీ రాసుకోమనండి.